గంజి డబ్బా పక్కన యుద్ధాలు

మా అంగట్లో గంజి కాచే పని నాది. మైదాపిండిని నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, కట్టెతో తిప్పుతా ఉండాలి. చిక్కబడే ముందు చిటికెడు మైలుతుత్తం వేయాలి. అది పడకపోతే ఆర్నెల్లకే పుస్తకానికి పురుగు పడుతుంది, ఎలుకలు అట్టల అంచులు కొరికేస్తాయి. మైలుతుత్తం పడిన గంజికి లేత ఆకాశం రంగొస్తుంది. ఆ రంగు ఎక్కడ కనిపించినా నాకు వేసవి సెలవులే గుర్తొస్తాయి.

తిరుపతిలో గాంధీ రోడ్డు నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో ఉండేది మా నాయన బైండింగ్ అంగడి. లోపల ఒక కటింగ్ మిషను, ఒక ఇనుప ప్రెస్సు, గోడవారగా అట్టల కట్టలు. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సిందే. యూనివర్సిటీ వాళ్ళ పీహెచ్‌డీ థీసిస్‌లే మాకు అన్నం పెట్టేవి. నల్ల రెక్సిను, మీద బంగారు రంగు అక్షరాలు. అయిదేళ్ళు కూర్చుని రాసినోడు మూడు దినాలు ఆగలేడు, రేపటికే కావాలంటాడు అని మా నాయన విసుక్కునేవాడు. ఆయన చదివింది పదో తరగతి. తిరుపతిలో ఆయన చేతి మీదుగా డాక్టర్లయినవాళ్ళు వందల్లో ఉంటారు. అందరికీ దబ్బనంతోనే కుట్టినాడు.

పాత పేపర్లు కేజీల లెక్కన కొనేవాళ్ళం. రెక్సిను అతికేటప్పుడు బల్ల మీద పరవడానికి, ప్రెస్సులో పుస్తకానికీ పుస్తకానికీ మధ్య పెట్టడానికి. పరిచే ముందు నేను బొమ్మలు కత్తిరించుకునేవాణ్ణి. ఈనాడులో శ్రీధర్ 'ఇదీ సంగతి' మొదలుకొని, ఇంగ్లీషు పేపర్లలో ఆర్కే లక్ష్మణ్ గళ్ళకోటు పెద్దమనిషి వరకు ఏదీ వదిలేది లేదు. అర్థమైనవీ కత్తిరించాను, కానివీ కత్తిరించాను. మా నాయనకు దీంతో ఒకటే తగాదా. చిల్లి పడిన పేపరు పరిస్తే గంజి కిందికి దిగి అట్ట బల్లకు అంటుకుంటుంది. రెండుసార్లు అట్లా ఎవరిదో థీసిస్ వెనకట్ట పాడయ్యాక, ఆయన మిగిలిపోయిన కాగితాలు కుట్టి, ఎర్ర క్యాలికో వేసి, ఒక లావు పుస్తకం చేసి నా ముందర పడేశాడు. "ఇందులో అతికించుకో. నేను చూసినాక కత్తిరించు. పరిచినాక మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. ఆయన నాకు కొనిపెట్టిన వాటిల్లో ఏవీ మిగల్లేదు. కుట్టిపెట్టిన ఆ పుస్తకం మాత్రం ఉంది.

పక్కనే ఒక బ్యాంకు. దానికి వాచ్‌మన్ మిలిటరీ మామ. అసలు పేరు సందులో ఎవరికీ అక్కర్లేదు. పొడుగ్గా, ఎండిన వేపకొమ్మ మాదిరి ఉండేవాడు. ఖాకీ చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి వేసేవాడు, అది వేరే గంజి. చేతిలో డబుల్ బ్యారెల్ తుపాకి. మధ్యాహ్నం బ్యాంకు గేటు సగం మూసినాక మా అంగడి అరుగు మీదికి వచ్చి, తుపాకిని మోకాళ్ళ మధ్య నిలబెట్టి, పేపరు చదివేవాడు. మొదటి పేజీ నుంచి టెండర్ల ప్రకటనల వరకు, ఒక్క అక్షరం వదలకుండా. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకసారి ముక్కుతో ఊఁ అని, పేజీ తిప్పేసేవాడు.

1963లో చేరాడు. చైనా యుద్ధం అయిన మరుసటేడు, ఊరూరా మనుషుల్ని తీసుకుంటున్నప్పుడు. 65 చూశాడు, 71 చూశాడు. సందులో పిలకాయలం ఎన్నిసార్లు అడిగామో. "మామా, ఎంతమందిని చంపినావు?" అంటే "గమ్మునుండండిరా" అనేవాడు. మరీ పీకల మీద కూర్చుంటే "నేను డ్రైవర్ని" అని లేచిపోయేవాడు. మేం దానికి మా కథలు మేం కట్టుకున్నాం. లారీ డ్రైవరని కొందరు, ట్యాంకు డ్రైవరని నేను. ట్యాంకు పార్టీలో నాతోపాటు ఇంకో ముగ్గురు ఉండేవాళ్ళు.

1998 మే 11 సాయంత్రం. పొఖ్రాన్‌లో మూడు అణుపరీక్షలు చేశామని వాజ్‌పేయి చెప్పిన వార్త రేడియోలో వచ్చింది. రెండు రోజులకు ఇంకో రెండు. మా సందు చివర మిఠాయి అంగడాయన దారినపోయే వాళ్ళందరికీ మైసూరుపాకు ముక్కలు పంచాడు. నేను రెండుసార్లు పోయి తెచ్చుకున్నాను, రెండోసారి చొక్కా మార్చుకుని. మే 28న పాకిస్తాన్ చాగైలో పేల్చింది. 30న మళ్ళీ పేల్చింది. ఆ రోజుల్లో ఆయన పంచుతాడేమోనని ఒక కన్ను వేసి ఉంచాను. పంచలేదు.

పేపర్ల నిండా బొమ్మలే. నాకు పండగ. దీపావళి టపాకాయలు పట్టుకున్న ఇద్దరు పిల్లోళ్ళు, బాంబు మీద కూర్చుని అరచేతులు చూపించే బిచ్చగాళ్ళు, కండలు పొంగించి ఒకరికొకరు చూపించుకునే బక్క వస్తాదులు. క్షిపణుల పేర్లే సగం జోకు. మనది పృథ్వి, అంటే భూమి అని మనం. కాదు, అది పృథ్వీరాజ్ చౌహాన్ అని అవతలివాళ్ళు. అందుకని ఆ ఏప్రిల్‌లో వాళ్ళు పరీక్షించిన దానికి ఘోరీ అని పేరు. 1192లో పృథ్వీరాజును ఓడించినవాడి పేరన్నమాట. ఎనిమిది వందల ఏళ్ళనాటి తగాదాను ఇనుప గొట్టం మీద రాసి ఎగరేశారు. దీని మీద ఇంక కార్టూను గీయడానికి ఏముంది, ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

ఆ నెలలోనే హిస్టరీ సారు ట్రంకుపెట్టె వేసుకుని రిక్షాలో దిగాడు. యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరైనాయన. పెట్టె నిండా వీపులు విరిగిన పుస్తకాలు. పంచ్ అనే ఇంగ్లండు హాస్యపత్రిక పాత సంపుటాలు కొన్ని, బ్రిటిష్ కార్టూన్ల ఆల్బములు కొన్ని. "తొందర లేదప్పా, నా పెన్షన్ కొద్దీ నెలకు రెండు కట్టివ్వు" అన్నాడు మా నాయనతో. తొందర లేదని చెప్పిన కస్టమరు మా అంగడికి ఆయనొక్కడే. దాంతో మా నాయన ఆయనకు ఒక స్టూలు కేటాయించాడు.

పుస్తకం విప్పితే పేజీలు సరిగ్గా వరసలో ఉన్నాయో లేదో చూసే పని నాది. ఒక్కో పేజీ తిప్పుతా బొమ్మ దగ్గర ఆగిపోయేవాణ్ణి. సారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసి, "మొగాలు తర్వాత చూద్దువుగాని నాయనా. ముందు చేతులు చూడు. మొగం అబద్ధం చెప్తాది, చేతులకు ఆ తెలివి ఉండదు" అనేవాడు. అప్పట్నుంచి నాకు అదే అలవాటైపోయింది. ఇప్పటికీ టీవీలో ఇద్దరు నాయకులు పక్కపక్కన నిలబడితే నా కళ్ళు వాళ్ళ చేతుల మీదికే పోతాయి.

మొదట చూపించింది జేమ్స్ గిల్రే అనే ఇంగ్లీషు కార్టూనిస్టు 1805లో వేసిన బొమ్మ. ఒక బల్ల, బల్ల మీద పెద్ద ఉండలాంటి పిండివంట. చూస్తే అది భూగోళం. ఒకపక్క ఇంగ్లండు ప్రధాని పిట్, ఇంకోపక్క నెపోలియన్. పిట్ చేతిలో త్రిశూలం మాదిరి ఫోర్కు, దాంతో సముద్రాన్ని పొడిచి పెద్ద ముక్క కోసుకుంటున్నాడు. నెపోలియన్ కత్తితో యూరప్‌ను చెక్కుతున్నాడు, అందక కుర్చీలోంచి పైకి లేచి. బల్లకు అందనంత పొట్టివాడిగా గీశాడు గిల్రే. నిజానికి ఆయన అయిదడుగుల ఆరంగుళాల పైమాటే, ఆ కాలానికి అందరి ఎత్తేనట. "రెండొందల ఏళ్ళు అయింది, ఇంకా లోకం దృష్టిలో ఆయన పొట్టోడే. ఫిరంగులు చేయలేని పని చూడు" అని సారు మురిసిపోయేవాడు. నాకు మాత్రం ఆ పిండివంట మీదే ధ్యాస. మా జేజి చేసే సంగటి ముద్ద కూడా సరిగ్గా అట్లాగే ఉంటుంది, దాన్నీ మా అన్నా నేనూ రెండు పక్కల నుంచి అట్లాగే తవ్వేవాళ్ళం.

పంచ్‌లో 1878 నాటిది ఇంకొకటి. మధ్యలో ఆఫ్ఘన్ అమీరు షేర్ అలీ నిలబడి ఉంటాడు. ఒకపక్క రష్యా ఎలుగుబంటి, ఇంకోపక్క ఇంగ్లీషు సింహం. ఇద్దరూ ఆయన స్నేహితులే. నా స్నేహితుల బారి నుంచి నన్ను కాపాడండి అంటాడు అమీరు. మా నాయన పనాపి చూసి నవ్విన బొమ్మ ఇదొక్కటే. మా సందులో అటు పక్క అంగడి, ఇటు పక్క అంగడి వాళ్ళకు గోడల తగాదా ఒకటి నడుస్తా ఉండేది. ఇద్దరూ మా నాయన్ను సాక్ష్యానికి రమ్మనేవాళ్ళు.

డేవిడ్ లో అనే కార్టూనిస్టు గీసిన బొమ్మ దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను. 1939 సెప్టెంబరు 20 నాటిది. పోలండు నేల మీద శవమై పడి ఉంటుంది. దానికి అటు హిట్లర్, ఇటు స్టాలిన్, టోపీలు ఎత్తి, నడుములు వంచి, పెళ్ళివారిలా దండాలు పెట్టుకుంటుంటారు. లోకంలోని చెత్త అంటే మీరేననుకుంటా అని ఒకరు, కార్మికుల నెత్తురు తాగిన హంతకులు మీరే గదా అని ఇంకొకరు. ఎంత మర్యాద! చేతులు చూడు అన్నాడు సారు. టోపీలెత్తిన చేతులు ఎంత సుతారంగా ఉన్నాయో. ఈ డేవిడ్ లో పుట్టింది న్యూజిలాండ్‌లో, పనిచేసింది లండన్ పేపర్లలో. హిట్లర్ మనుషులకు ఆయన బొమ్మలు ఎంత మంటో అంటే, 1937లో జర్మనీ పోయొచ్చిన ఇంగ్లీషు మంత్రి హాలిఫాక్స్, కాస్త చూసుకుని గీయమని ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లండు చేతికి చిక్కితే పట్టుకోవాల్సినవాళ్ళ జాబితా ఒకటి రాసుకున్నారు నాజీలు. అందులో ఒక బొమ్మలాయన పేరు కూడా ఉందంటే నా పదిహేనేళ్ళ ఛాతీ ఎందుకో పొంగింది.

ఇల్లింగ్‌వర్త్ అనే బ్రిటిష్ కార్టూనిస్టు బొమ్మ ఆ నెల వార్తలకు సరిగ్గా అతికింది. 1962 అక్టోబరు 29 నాటిది, క్యూబాలో క్షిపణుల మీద అమెరికా, రష్యా గొడవప్పుడు. అమెరికా కెన్నెడీ, రష్యా కృశ్చేవ్ బల్లకు అటూ ఇటూ కూర్చుని పంజా కుస్తీ పడుతుంటారు. ఇద్దరి కిందా కుర్చీల బదులు హైడ్రోజన్ బాంబులు. ఒక చెయ్యి కుస్తీలో, ఇంకో చెయ్యి వేలు బటన్ మీదికి. మొగాల మీద చెమట చుక్కలు. ఆ చెమటను ఒక్కో చుక్క లెక్కపెట్టాను. అప్పుడు బయట నిజంగానే మే నెల ఎండ, నాకూ అట్లాగే కారుతోంది. మిలిటరీ మామ అరుగు మీది నుంచి మెడ సాచి చూశాడు. "62 అక్టోబరా? మనం ఆడ చైనావోళ్ళతో కొట్టుకుంటా ఉంటే, వీళ్ళు ఈ పని మీద ఉండారా" అన్నాడు. బొమ్మ గురించి ఆయన అన్న మొదటి మాట అది. సారు సంతోషపడి ఏదో చెప్పబోయేలోగా మామ మళ్ళీ టెండర్ల పేజీలోకి పోయాడు.

ఇన్ని చూసినాక గీయకుండా ఎట్లా ఉంటాను?

అసలు ఎగతాళి మా ఊరికి కొత్త కాదు. గంగమ్మ జాతర వస్తే చాలు, బండవేషం కట్టినోడు ఎదురొచ్చిన ఎవర్నైనా బూతులు తిట్టొచ్చు. ఎంత పెద్దమనిషైనా నవ్వేసి తప్పుకోవాల్సిందే. జాతర కథలో గంగమ్మ తల్లి కూడా ఊరిని పీడించిన పాలెగాణ్ణి ఉత్త చేతులతో పట్టలేదు. రోజుకొక వేషం వేసి వెతికి, చివరికి దొర వేషంలో వాడి తల తీసింది. నేనూ చిన్నప్పుడు ఒళ్ళంతా పూసుకుని రెండేళ్ళు వేషం కట్టాను. తిట్టమంటే నోరు పెగల్లేదు.

నా బొమ్మ తిరుమల కొండ మీది కళ్యాణకట్ట. ఇద్దరు నాయకులు పక్కపక్కన బాసింపట్టు వేసి కూర్చున్నారు. ఇద్దరి నెత్తిన వెంట్రుకల బదులు క్షిపణులు, దట్టంగా, జడలు కట్టినట్టు. మధ్యలో మంగలాయన కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ అవతలివాణ్ణి చూపించి "ముందు ఆయనకి గీకు సామీ" అంటున్నారు. వెనకాల స్తంభం చాటున సూటు వేసుకున్నాయన గోనెసంచి తెరిచి పట్టుకుని కాచుకుని ఉన్నాడు. కొండ మీద వెంట్రుకలు వేలానికి పోతాయి గదా, అదన్నమాట. కింద మాట ఒకటే. 'ఎవరికైనా గుండే.' మా వైపు గుండు కొట్టడం అంటే ఇంకో అర్థం కూడా ఉందని చెప్పక్కర్లేదు.

ఇండియన్ ఇంకుతో, అట్ట మీద గీశాను. మంగలాయన చేతికి ఒక రోజు పట్టింది. మా సందు మొదట్లోని మంగలి అంగట్లో గంటసేపు నిలబడి, కత్తి పట్టుకునే పద్ధతి చూసి వచ్చాను. చిటికెనవేలు ఎట్లా పైకి లేచి ఉంటుందో చూశాను. సారు చాలా మెచ్చుకున్నాడు. ఆ సంచివాణ్ణి చూసి, "వీణ్ణి మర్చిపోలేదు, శభాష్" అని వీపు తట్టాడు. మా నాయన ఏమీ అనలేదు, కానీ ప్రెస్సులో పెట్టి అట్ట వంకర తీసి ఇచ్చాడు.

మామకు చూపించాను. తుపాకి గోడకు ఆనించి, అట్టను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. "మంగలోడి చెయ్యి బాగుండాది" అన్నాడు. నేను ఉబ్బిపోతుండగానే అడిగాడు. "అవునురా అల్లుడా, వీళ్ళ సామాన్లు కొండ మీదికి ఎవురు మోసుకొచ్చినారు? బస్సులో ఏసుకొచ్చినారా, మెట్లెక్కించినారా?"

జోకనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. అట్ట చేతికిచ్చి, తుపాకి తీసుకుని పోయాడు.

ఆ బొమ్మను ఏడాది తర్వాత, 1999 జూన్‌లో, కాలేజీ గోడపత్రికకు ఇచ్చాను. ఇంటర్ రెండో ఏడు. కార్గిల్ యుద్ధం నడుస్తోంది. పొద్దున అతికించారు, పన్నెండు గంటలకు పీకేశారు. పీకింది కూడా జాగ్రత్తగా కాదు, నాలుగు మూలలూ చినిగాయి. లోపలికి పిలిచి, "ఆడ మనోళ్ళు మంచులో ప్రాణాలిస్తా ఉంటే నీకు ఎకసెక్కాలా?" అని తిట్టారు. నేను గీసినప్పుడు ఈ యుద్ధం లేదు సార్ అని చెప్దామనుకున్నాను, గొంతులోంచి రాలేదు. ఒకటి చెప్పాలి. ఆ రోజు నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. రోజూ టీవీలో జెండా కప్పిన పెట్టెలు చూస్తున్నాం. తిట్టిన మనిషి కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. బొమ్మలో తప్పు లేదు, ఆ వారం గోడ మీద అది ఉండాల్సిందా అని ఇప్పుడు అడిగితే నా దగ్గర ఖాయమైన జవాబు లేదు.

సారుకు ఇవన్నీ పట్టలేదు, ఆయనకు మండిపోయింది. "నెహ్రూ కార్టూనిస్టు శంకర్‌తో ఏమన్నాడో తెల్సునా? నన్ను కూడా వదలొద్దు అన్నాడు. అట్లా మొదలైన ఆయన కార్టూన్ల పత్రిక శంకర్స్ వీక్లీనే 75లో ఎమర్జెన్సీలో మూసుకోవాల్సి వచ్చింది. నీది గోడ మీది నుంచి ఒక అట్ట పోయింది, అంతే గదా" అన్నాడు. ఓదార్పు అన్నది ఆయనకు చేతకాదు. చరిత్ర తెలిసినవాళ్ళకు ఇదొక జబ్బు, మన దెబ్బను కొలవడానికి ఎప్పుడూ పెద్ద స్కేలే తీస్తారు.

మూలలు చినిగిన ఆ అట్టను మా నాయన ఎర్ర క్యాలికో పుస్తకంలో, వెనక పలచని గుడ్డ వేసి అతికించాడు. మూలలకు నాలుగు ముక్కలు ఎంత నీటుగా వేశాడంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు.

సారు పెట్టెలోంచి చివరి పుస్తకం వచ్చింది జులైలో. దాన్ని ఆయనే వాయిదా వేస్తూ వచ్చాడు, కాగితం అంత అధ్వాన్నం. రెండో ప్రపంచయుద్ధం నాటి అచ్చు, ముట్టుకుంటే అంచులు అప్పడంలా విరిగేవి. బిల్ మాల్డిన్ అనే అమెరికా సిపాయి గీసిన బొమ్మలు. ఆఫీసులో కూర్చుని గీసినోడు కాదు, సైన్యంతోపాటు ఇటలీ బురదలో తిరిగినవాడు. విల్లీ, జో అని ఇద్దరు సిపాయిలు. గడ్డాలు పెరిగి, బట్టలు బురదకొట్టుకుని, నిద్ర లేని కళ్ళతో ఉంటారు. జనరల్ పాటన్‌కు ఈ వాలకం ఒళ్ళుమండి, మాల్డిన్‌ను పిలిపించి మరీ గదమాయించాడట. అదే ఏడు, 1945లో, ఇరవైమూడేళ్ళకే పులిట్జర్ బహుమతి వచ్చింది ఆ పిల్లోడికి.

పేజీలు విడదీసి బల్ల మీద ఆరబెట్టాం. మధ్యాహ్నం మామ వచ్చాడు. చేతిలో పేపరు, అందులో ద్రాస్ కొండల వార్తలు. బల్ల పక్కన పోతా పోతా ఒక పేజీ దగ్గర ఆగాడు.

కింద ఒక్క మాట లేని బొమ్మ అది. ఒక జీపు, చక్రం దగ్గర విరిగి కూలబడి ఉంది. దాని పక్కన ఒక సార్జెంటు, పాత గుర్రపు దళంవాడు. కుడి చెయ్యి చాపి పిస్తోలు జీపు మీద గురిపెట్టాడు. ఎడమ చేత్తో కళ్ళు మూసుకున్నాడు. కాలు విరిగిన గుర్రాన్ని బాధపడకుండా కాల్చేస్తారు గదా, అదే పద్ధతి. గుర్రాలు పోయి జీపులొచ్చినా ఆయన చెయ్యికి ఆ అలవాటు పోలేదు. నేనూ సారూ అప్పటికే చూసి పడీపడీ నవ్వుకున్నాం.

మామ నవ్వలేదు. మొదట అట్లా నిలబడిపోయాడు. తర్వాత గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వే అనుకున్నాను. భుజాలు ఊగాయి, కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి, కండువాతో తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు. ఈసారి నిజంగానే నవ్వాడు, పెద్దగా, బ్యాంకు గేటు దగ్గర మనుషులు తిరిగి చూసేంతగా.

"నేను డ్రైవర్నంటే మీరు ఏమనుకున్నారో నాకు తెలుసులేరా" అన్నాడు. "డ్రైవర్ ఏటీ. ఏటీ అంటే యానిమల్ ట్రాన్స్‌పోర్టు. కంచరగాడిదలు."

మా నాయన దారానికి మైనం పూస్తున్నవాడు ఆపేశాడు.

బెంగుళూరులో ట్రైనింగట. తర్వాత సిక్కిం కొండలు. లారీ పోని చోటికి కంచరగాడిద పోతుంది, అది పోని చోటికి మనిషి వీపు పోతుంది అని చెప్పాడు. బియ్యం, కిరసనాయిలు, గుండ్ల పెట్టెలు, ఉత్తరాల సంచి, ఏదైనా సరే జీనుకు రెండు పక్కలా సమానంగా తూగాలి. శేరు తేడా వచ్చినా దాని వీపు ఒరుసుకుపోతుంది. సాయంత్రం దించినాక ముందు దానికి మాలీషు, దానికి దాణా, దాని గిట్టలు చూడటం. ఆ తర్వాతే మనిషి అన్నం. ప్రతి దానికీ గిట్ట మీద నంబరు వాత వేస్తారు. కాగితాల్లో నంబరే. డ్రైవర్లు మాత్రం పేర్లు పెట్టుకునేవాళ్ళు. మామ దాని పేరు గంగ. "అమ్మోరి పేరు పెట్టినానని మా ఇంట్లో తెలిస్తే తంతారు" అన్నాడు.

ఒక పొద్దున మంచు పట్టిన కాలిబాట. వరసలో నాలుగోది గంగ. వెనక కాలు జారి పాతిక అడుగుల కిందికి పోయింది. పైన కిరసనాయిలు డబ్బాలు. మామ పాకుతా దిగాడు. డబ్బాలు విప్పాడు, జీను విప్పాడు. కాలు విరిగింది, ఎముక బయటికి కనపడుతోంది. పైన నిలబడ్డ నాయక్, అంటే వాళ్ళ పైవాడు, తుపాకి దించి, నువ్వే చెయ్ అన్నాడు. ఎవరి జంతువుకు వాళ్ళే అన్నది అక్కడి మర్యాదట.

"చెయ్యి చాపినాను. ఈ చెయ్యి ఈడికి పొయ్యింది" అని ఎడమ అరచేతిని కళ్ళ మీద పెట్టుకుని చూపించాడు. బొమ్మలో ఉన్నట్టే, అచ్చంగా. "వల్ల కాలా. నాయకే దిగొచ్చి కాల్చినాడు. నా సర్వీసులో నేను పేల్చబోయి పేల్చని గుండు అదొక్కటే. చంపినావా చంపినావా అని అడగతా ఉంటారు గదా."

సారు స్టూలు మీంచి లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. ఒక్క తేదీ కూడా చెప్పలేదు.

"ఈ బొమ్మ ఏసినోడు ఆడ ఉండినాడురా" అన్నాడు మామ, వేలితో పేజీని తాకకుండా. అక్కడెక్కడో ఇటలీలో గీసిన తెల్లవాడు సిక్కింలో ఎట్లా ఉంటాడని మేమెవరం అడగలేదు.

ఆ పేజీకి జెరాక్సు కావాలన్నాడు. నాలుగుకాళ్ళ మండపం దగ్గర తీయించుకొచ్చాను. మడత పెట్టి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకుని, తుపాకి తీసుకుని గేటు దగ్గరికి పోయాడు. మరుసటి రోజు మళ్ళీ మామూలే. మొదటి పేజీ నుంచి టెండర్ల వరకు. కాకపోతే బొమ్మ దగ్గర ఊఁ అనకుండా ఒక నిమిషం ఆగేవాడు. కార్గిల్ కొండల బొమ్మలు గీసేటప్పుడు మోతజంతువుల్ని ఎవరైనా గీశారేమోనని చూసేవాడు. దొరికితే నన్ను పిలిచి చూపించేవాడు. ఒక్కసారి దొరికింది, చెవులు మరీ గాడిదకున్నట్టు గీశారని కోప్పడ్డాడు.

నేను మళ్ళీ కార్టూన్లు గీయలేదు. దానికి పెద్ద కారణమేం లేదు. డిగ్రీ, ఉద్యోగం, బెంగుళూరు. మామ బ్యాంకు పని మానేసి చంద్రగిరి పక్కన వాళ్ళ ఊరికి పోయాడు. హిస్టరీ సారు పోయాక ఆయన పుస్తకాలు ఎవరు తీసుకున్నారో తెలియదు గానీ, కుట్లు మాత్రం ఊడవు, అది నేను రాసిస్తాను.

తర్వాత కొన్నేళ్ళకు ఒకసారి మామను చూడ్డానికి పోయాను. వసారాలో నులకమంచం మీద ఉన్నాడు, గుర్తుపట్టాడు. చెనిక్కాయలు ఉడకబెట్టించాడు. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, పక్కన గంగమ్మ పటం, ఆ పక్కన ప్లాస్టిక్ అతికించిన జెరాక్సు కాగితం. సిరా చాలా వెలిసిపోయింది. కింద నీలం పెన్నుతో ఒక నంబరు రాసి ఉంది.

ఆరేడేళ్ళ మనవడు నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయాడు. "ఇది మా తాత. యుద్ధంలో. శత్రువుల జీపుని కాల్చేస్తా ఉండాడు" అన్నాడు.

"కళ్ళెందుకు మూసుకున్నాడు మరి?" అన్నాను.

"పొగ" అన్నాడు వాడు.

నేను మంచం వైపు తిరిగి చూశాను. మామ చెనిక్కాయ ఒకటి వొలిచి, గింజలు నోట్లో వేసుకుని, నిదానంగా నమిలాడు. "అవునప్పా, చానా పొగ" అన్నాడు.